బాగుచేయువాని బల్ల

వాక్యభాగములు: రాజులు రెండవ గ్రంథము 12:4–15, ద్వితీయోపదేశకాండము 22:1–3



యోవాషు రాజు యెరూషలేములో ఏలుచుండిన దినములలో యెహోవా మందిరము అక్కడక్కడ శిథిలమై యుండెను. దానిని బాగుచేయవలెనని రాజు యాజకులకు సెలవిచ్చెను. రూకలు వారి చేతికి వచ్చుచునే యుండెను. అయినను రాజు ఏలుబడిలో ఇరువదిమూడవ సంవత్సరము వచ్చువరకు పగిలిన గోడ పగిలినట్లే నిలిచియుండెను. అప్పుడు యెహోయాదా ఒక పెట్టె తెచ్చి, దాని మూతకు బెజ్జము వేసి, బలిపీఠము దగ్గర ఉంచెను. అందులో పడిన రూకలు వడ్రంగులకును, గోడలు కట్టువారికిని, రాళ్లు చెక్కువారికిని కూలిగా ముట్టెను. ఆ రూకలు పుచ్చుకొని పని చేయించినవారిని ఎవరును లెక్క అడుగలేదట. వారు నమ్మకముగా పనిచేయువారు గనుక అడుగవలసిన అవసరము లేకపోయెను.

ఈ అధ్యాయములో ఇంత మంచి మాట యాజకులకు దక్కలేదు, పని చేయించినవారికి దక్కెను. సంఘకాపరినైన నేను ఈ భాగము చదివినప్పుడెల్ల కొంచెము తల వంచుకొందును.

మన పల్లెలలో విరిగినది బాగుచేయించుకొనుటకు పూర్వము కమ్మరి యొద్దకును, వడ్రంగి యొద్దకును, గడియారములు బాగుచేయు ముసలివాని యొద్దకును పోయెడివారము. నేడు అందరును పోవునది సెల్‌ఫోన్ల అంగడికి. చిత్తూరు, పలమనేరు, పుత్తూరు, శ్రీకాళహస్తి, తిరుపతి, ఏ ఊరి బస్టాండు వీధి చూచినను అట్టి అంగడి కనబడును. ఒక అద్దాల బల్ల, దానిమీద ఒక దీపము, ఒక భూతద్దము, సన్నని స్క్రూడ్రైవర్లు, కుర్చీలో ఇరువదియేండ్ల అబ్బాయి. మన సంఘముల పిల్లలు అనేకులు ఈ పని నేర్చుకొని బ్రదుకుచున్నారు. వారికి ప్రసంగపీఠమునుండి ఎవరును ఒక్క మాటయైనను చెప్పినట్లు నేను వినలేదు. రైతును గూర్చియు, గొఱ్ఱెల కాపరిని గూర్చియు ఎన్నో ప్రసంగములు చేసితిమి. ఈ పిల్లల పనికి వాక్యములో చోటు లేదనుకొంటిమి కాబోలు.

ఫోను మనకు పరాయి వస్తువు కాదు. 2015వ సంవత్సరము ఆగస్టు నెలలో మన సత్యవేడు ప్రక్కనున్న శ్రీసిటీలో ఫాక్స్‌కాన్ కర్మాగారమునుండి షియోమీ కంపెనీవారి రెడ్‌మీ ఫోన్లు వెలువడెను. ఆ పనిలో చేరినవారిలో అధికసంఖ్యాకులు చుట్టుపట్ల పల్లెల ఆడపిల్లలే. 2017లో రేణిగుంట దగ్గర సెల్కాన్ కంపెనీ కర్మాగారము తెరువబడెను. కనుక మీ చేతిలోని ఫోను బిగించిన చేతులు సత్యవేడు ప్రక్క పల్లెపిల్లవి అయినను కావచ్చును. అది చెడినప్పుడు బాగుచేయు చేతులు పీలేరు పిల్లవానివి. దాని నడుమ మన యింటి మంచిచెడ్డలన్నియు అందులోనికి పోయి చేరినవి.

ఏమేమి చేరినవో ఒకసారి తలచుకొనుడి. కువైటులో ఇంటిపనికి పోయిన తల్లి స్వరము అందులో నున్నది. బ్యాంకులోని నాలుగు రూపాయలకు తాళపుచెవి అందులో నున్నది. చనిపోయిన నాయనమ్మ చివరి ఫోటో అందులోనే, పిల్లవాని పరీక్ష హాల్‌టికెట్టు అందులోనే. ఆదివారము గుడికి తెచ్చు బైబిలు సహితము కొందరికి అందులోనే యున్నది. అట్టి వస్తువును మనము బాగుచేయువాని బల్లమీద పెట్టి, అతడడుగగానే తాళము గీత గీసి చూపించి, సాయంకాలము వచ్చెదమని సంతకు పోవుదుము. ఇంటి తాళపుచెవిని ఎరుగనివానికిచ్చి పోయినవారిని మనము పిచ్చివారందుము. ఇక్కడ మాత్రము ప్రతిదినము అదే చేయుచున్నాము. చేయక తప్పదు. అందుచేత ఆ బల్ల వెనుక కూర్చున్నవాడు ఎట్టివాడనునది చిన్న సంగతి కాదు.

లేవీయకాండము 6వ అధ్యాయము మొదటి వచనములు చదువుడి. పొరుగువాడు నమ్మి అప్పగించిన దానిని గూర్చి బొంకుట, పోయినది దొరికినప్పుడు దొరకలేదనుట, ఇవి పొరుగువానికి చేసిన అన్యాయములు. అయితే ఆ భాగము ఎట్లు ఆరంభమగుచున్నది? వీటిని యెహోవాకు విరోధముగా చేసిన ద్రోహమని పిలుచుచు ఆరంభమగుచున్నది. అప్పగింత చేసినవాడు మనుష్యుడు, ద్రోహము తగిలినది దేవునికి! అట్టివాడు ఆ వస్తువును తిరిగి ఇచ్చి, దానితో అయిదవ వంతు కలుపవలెను. పదివేల రూపాయల ఫోను విషయములో తప్పు చేసినవాడు పండ్రెండువేలు పట్టుకొని రావలెనన్న మాట. అర్పణము దాని తరువాత.

తిరుమల కొండమీది గుడిలోనికి ఫోను తీసికొని పోరాదు గనుక యాత్రికులు క్రింద కౌంటర్లలో అప్పగించి పోవుదురు. తిరిగి వచ్చి చీటి చూపి ఎవరిది వారు పుచ్చుకొందురు. వారి భక్తి వేరు, మన విశ్వాసము వేరు. అయినను అన్ని వేల ఫోన్లలో తన ఫోను తనకు వచ్చునను నమ్మిక లేనియెడల ఆ వరుసలో ఎవడును నిలువడు గదా. పరవాని వస్తువును భద్రముగా ఉంచుట అన్ని జనములకును తెలిసిన నీతి. మనము దానికంటె తక్కువవారమై యుండరాదు.

ఇప్పుడు ఒక సంగతి చెప్పవలెను. ఈ ప్రసంగము నా మనస్సులో పుట్టినది దానివలననే.

మన సంఘములలో ఒకదానికి చెందిన యౌవనస్థుడు ఒక పట్టణములో ఫోన్ల అంగడి పెట్టుకొనియున్నాడు. పేరు వ్రాయను. ఒక సాయంకాలము ఒక మనుష్యుడు మంచి ఫోనొకటి తెచ్చి, ఇది మా బావమరిదిది, తాళము గీత మరచినాడు, తీసి పెట్టినయెడల ఏడువందలు ఇచ్చెదననెను. బిల్లు ఉన్నదా అనగా లేదనెను. పెట్టె ఉన్నదా అనగా పారవేసినామనెను. అంతలో బల్లమీద నున్న ఆ ఫోను మ్రోగెను. తెరమీద ‘అమ్మ’ అని పడెను. ఆ మనుష్యుడు గబగబ చెయ్యి చాపి ఆ పిలుపును ఆపివేసెను.

మనవాడు తాళము తీయలేదు. బిల్లు తెండి, అప్పుడు చూతమనెను. ఆ మనుష్యుడు విసుగుకొని ఫోను జేబులో వేసికొని అవతలి అంగడికి పోయెను.

ఆదివారము ఆరాధనయైన పిమ్మట ఈ అబ్బాయి నాయొద్దకు వచ్చి, “అయ్యగారూ, నేను తాళము తీయలేదు. ఆ డబ్బు ముట్టలేదు. అయినను నాకు నిద్ర పట్టుట లేదు. మ్రోగినప్పుడు నేనే ఎత్తి, అమ్మా మీ ఫోను ఇక్కడ నున్నదని చెప్పవలసి యుండెనా?” అని అడిగెను.

నేను వెంటనే జవాబు చెప్పలేకపోతిని. “నీవు చేసినది మంచిదే నాయనా” అని పంపివేయుట సులభము. అయితే ద్వితీయోపదేశకాండము 22వ అధ్యాయము అంతటితో నిలువదు. తప్పిపోయిన ఎద్దును గాని గొఱ్ఱెను గాని దొంగిలింపకుండిన చాలునని అక్కడ లేదు. చూచి చూడనట్లు పోరాదని యున్నది. సొంతదారుడు దూరముగా నున్నను, అతడెవరో తెలియకపోయినను, ఆ పశువును ఇంటికి తోలుకొని వచ్చి, అతడు వెదకుచు వచ్చువరకు ఉంచవలెనని యున్నది. పశువు మాత్రమే కాదు, వస్త్రమైనను, పోగొట్టుకొనిన మరి ఏ వస్తువైనను అట్లేయని చెప్పబడినది. మోషే కాలములో ఫోన్లు లేవు గాని ఆ ‘ఏ వస్తువైనను’ అను మాటలో నేటి ఫోను కూడ పడియున్నది.

అట్లని నేను ఆ అబ్బాయిని నిందింపను. అద్దె అంగడి, ఒంటరివాడు, చీకటి పడుచున్న వేళ. ఫోను లాగికొనినయెడల ఆ మనుష్యుడు నలుగురిని తోడుకొని వచ్చియుండును. అంత ధైర్యము కాపరులలోనే అందరికిని లేదు. మేమిద్దరము కూర్చుండి మాటలాడుకొంటిమి. మరుసటిసారి ఏమి చేయవలెనో తెలిసికొంటిమి. అది మీకును పనికివచ్చును గనుక ఇక్కడ వ్రాయుచున్నాను.

ప్రతి ఫోనుకును పదునైదు అంకెల సంఖ్య యొకటి యుండును. దానిని ఐఎంఈఐ అందురు. రెండు సిమ్ములు పట్టు ఫోనుకు రెండు సంఖ్యలుండును. అది పెట్టెమీదను, సాధారణముగా బిల్లుమీదను ముద్రింపబడి యుండును. *#06# అని నొక్కినయెడల తెరమీద కనబడును. 2023వ సంవత్సరము మే నెలలో కేంద్ర ప్రభుత్వమువారు సంచార్ సాథీ అను ఏర్పాటును దేశమంతటికి తెచ్చిరి. ఫోను పోగొట్టుకొనినవారు పోలీసులకు ఫిర్యాదు చేసి, దాని నకలుతో అందులో వ్రాయించినయెడల, ఆ సంఖ్యగల ఫోను మన దేశములోని ఏ కంపెనీ సిమ్ముతోను పనిచేయకుండ ఆపివేయబడును. ఎవడైనను దానిలో వేరు సిమ్ము వేసినప్పుడు ఆ జాడ పోలీసులకు తెలియును. బాగుచేయువాడును, పాత ఫోను కొనువాడును ముందే విచారించుకొనవచ్చును. కె, వై, ఎం అను మూడు ఇంగ్లీషు అక్షరములు వ్రాసి, కొంచెము ఎడమిచ్చి, ఆ పదునైదు అంకెలు వ్రాసి 14422కు మెసేజి పంపినయెడల ఆ ఫోను సంగతి జవాబుగా వచ్చును. ఇది చేయుటకు ఎవరితోను పోట్లాడనక్కరలేదు. “నంబరు చూచి చెప్పెదను, కూర్చోండి అన్నా” అని మర్యాదగా చెప్పిన చాలును. దొంగ కూర్చుండడు.

ఆ సంఖ్యనే మార్చివేయు విద్య కొందరికి తెలియునట. మన పిల్లలలో ఎవరికైనను దానిని నేర్పెదమని ఎవరైన పిలిచినయెడల, టెలికమ్యూనికేషన్ల చట్టము, 2023 ప్రకారము ఆ పనికి మూడేండ్లవరకు చెరసాల గాని, యాబది లక్షల రూపాయలవరకు జరిమానా గాని, రెండును గాని కలవని చెప్పుడి.

అయితే తాళము మరచిన ప్రతివాడును దొంగ కాడు. ఈ మాట గట్టిగా చెప్పవలెను. వేలిముద్రలు అరిగిపోయిన కూలివారున్నారు. మనుమడు గీత మార్చి బడికి పోగా ఏడ్చుచు వచ్చు అవ్వలున్నారు. వారిని అనుమానించి కసరువాడు నమ్మకస్థుడు కాడు, కఠినుడు. బిల్లు అడుగుడి. లేనియెడల పెట్టె అడుగుడి. అదియు లేనియెడల ఊరిలో ఎరిగినవారిని తోడు తెమ్మనుడి. తాళము తీయుటకు ఫోనునంతయు తుడిచివేయవలసి వచ్చినప్పుడు, తుడువకముందే ఆ మాట చెప్పుడి. అవ్వకు ఫోను ధర ఏపాటిది? చనిపోయిన కుమారుని స్వరము అందులో నిలిచియుండవచ్చును. చెప్పక తుడిచినవాడు దానిని ఏ అయిదవ వంతుతో కలిపి తిరిగి ఇయ్యగలడు?

తన చెల్లెలి ఫోనును ఆమె లేనప్పుడు తెచ్చి, తీసి చూపుమని అడుగు అన్నలును, భార్య ఫోనును తెచ్చు భర్తలును ఉన్నారని ఆ అబ్బాయి చెప్పెను. ఆమెను వెంట తీసికొని రండని చెప్పుడి. బిల్లు మీ పేరున నున్నను ఆమెను తీసికొని రండనుడి.

తాళము న్యాయముగానే తీయబడినదనుకొందము. తెర పగిలినది, క్రొత్త తెర వేసినారు, పనిచేయుచున్నదా అని చూడవలెను. ముట్టి చూచుటకును, శబ్దము వినుటకును, ఒక ఫోటో తీసి చూచుటకును అక్కరయున్నది. లోపల దాచుకొనిన ఫోటోలను త్రిప్పి చూచుటకు అక్కర లేదు. ఆదికాండము 9వ అధ్యాయములో నోవహు తన గుడారములో ఒళ్లు తెలియక వస్త్రహీనుడై పడియుండెను. హాము చూచెను. చూచుట ఒకవేళ కాకతాళీయము కావచ్చును. బయటికి పోయి చెప్పుట కాకతాళీయము కాదు. షేమును యాపెతును వస్త్రము భుజములమీద వేసికొని, ముఖము త్రిప్పుకొని, వెనుకకు నడిచి వచ్చి తండ్రిని కప్పిరి. ముఖము త్రిప్పుకొని నడుచుట ఎంత కష్టమో ఎప్పుడైన చేసి చూచితిరా? త్రోవ కనబడదు, కాలు తడబడును. అయినను నడిచిరి.

బల్ల వెనుక ఒంటరిగా కూర్చున్న పిల్లవాడా, నీ చేతిలో ఇంకొకరి గుడారము తెరచియున్నది. నీ స్నేహితుడు వచ్చి ప్రక్కన నిలిచి “ఏదీ చూపరా” అనును. ఆ గడియలో నీవు హామువో షేమువో తేలిపోవును. ఒక్క ఫోటో నీ ఫోనులోనికి పోయినయెడల, ఆ ఆడపిల్ల బ్రదుకు ఊరి నోట పడును. మన ప్రాంతములో అట్టి సంగతులకు ప్రాణములు తీసికొనినవారు లేరా? ఇది ఆట కాదు.

ఇందుకు ఒక సహాయము కూడ వచ్చియున్నది. సామ్‌సంగ్ కంపెనీవారు 2022లో తమ కొన్ని ఫోన్లలో మెయింటెనెన్స్ మోడ్ అను అమరికను ప్రవేశపెట్టిరి. సొంతదారుడు దానిని నొక్కి ఇచ్చినయెడల బాగుచేయువాడు ఫోనును పరీక్షించగలడు గాని ఫోటోలును మెసేజీలును అతనికి కనబడవు. గూగుల్ పిక్సెల్ ఫోన్లలోను ఇట్టిది వచ్చినది. మీ ఫోనులో అది యున్నదో లేదో అంగడికి పోకముందే అడిగి తెలిసికొనుడి. బాగుచేయువాడే ముందుగా చెప్పి, వారి చేతనే నొక్కించుకొనినయెడల మరీ మంచిది. అది షేము వస్త్రమువంటిది.

క్రొత్త ఫోను అమర్చి ఇచ్చుట సులభమైన పని అనుకొందురు. నాకు మాత్రము దానిలోనే ఎక్కువ అన్యాయము జరుగుచున్నట్లు తోచును. కువైటునుండి కుమార్తె డబ్బు పంపగా తల్లి ఫోను కొనును. చదువు రాదు. అంగడివాడు అయిదు నిమిషములలో ఏదో పేరున ఒక జీమెయిలు ఖాతా తెరచి, ఏదో పాస్‌వర్డు వేసి, చేతికిచ్చి పంపివేయును. ఆమెకు చెప్పడు, తానును వ్రాసికొనడు. ఏడాదికి గీత మరచిపోయి ఫోనును తుడిచివేయించినప్పుడు, మునుపటి ఖాతా ఏదో చెప్పుమని ఆ ఫోను అడుగును. 2015 ప్రాంతమునుండి ఆండ్రాయిడ్ ఫోన్లలో దొంగల నిమిత్తము పెట్టిన అడ్డు అది. దొంగకు పెట్టిన అడ్డు అవ్వకు తగులును! తన డబ్బుతో కొనిన ఫోనుముందు ఆమె పరాయిదై నిలుచును. బిల్లున్నయెడల కంపెనీవారి సర్వీసు సెంటరులో తీయించుకొనవచ్చును గాని, దానికి బస్సు చార్జి, ఒక దినపు కూలి పోవును.

ప్రభువు ధర్మశాస్త్ర ఉపదేశకులను గద్దించిన మాట లూకా 11:52లో నున్నది. జ్ఞానమను తాళపుచెవిని వారు ఎత్తుకొనిపోయిరనియు, తాము లోపలికి పోలేదు, పోవువారిని పోనియ్యలేదనియు ఆయన చెప్పెను. ఆ మాట మా బోధకులకే అనుకొంటిని. పాస్‌వర్డు చెప్పకుండ అవ్వను పంపివేసినవానికి కూడ అది చాలినంత దగ్గరగానే తగులును. ఖాతా ఆమె పేరుననే తెరువుడి. పేరును, పాస్‌వర్డును ఒక కాగితముమీద వ్రాసి ఆమె చేతికే ఇచ్చి, ఇంట్లో పత్రములతోకూడ దాచుకొనుమనుడి. అక్షరములు పెద్దవి చేయుడి. తెలుగులో మాటలాడినయెడల వ్రాయు అమరిక చూపుడి. ఆపద వచ్చినప్పుడు 112 నొక్కుట నేర్పుడి. పది నిమిషములు ఎక్కువ పట్టును. ఓటీపీ ఎవరు అడిగినను, కాపరి అడిగినను, చెప్పవద్దనుడి.

కూలిని గూర్చి రెండు మాటలు. నా ఫోను ఒకప్పుడు ఛార్జి ఎక్కలేదు. ఒక పట్టణములో ఒక అంగడిలో చూపగా, బోర్డు పోయినది, రెండువేలగుననిరి. పైన చెప్పిన అబ్బాయి యొద్దకు తెచ్చితిని. అతడు ఫోను ఆపివేసి, సన్నని పుల్లతో ఆ రంధ్రములోనుండి చొక్కాజేబు దూది ఉండ యొకటి తీసెను. ఫోను ఛార్జి ఎక్కెను. డబ్బు వద్దనెను. ఆ దూది ఉండ ఖరీదు రెండువేలు! మరియొకసారి ఫోను నీళ్లలో పడగా నేను ఎవరినీ అడుగక బియ్యపు డబ్బాలో వేసితిని. బియ్యమును పాడాయెను, ఫోనును బాగుపడలేదు. తడిసిన ఫోనును వెంటనే ఆపివేసి, ఛార్జికి పెట్టక, బాగుచేయువానికి చూపుటయే మేలట. బ్యాటరీ ఉబ్బినదానిని గుచ్చకూడదు, నొక్కకూడదు. అది మండును.

అయితే ఆ అబ్బాయి డబ్బు వద్దనినంతమాత్రమున మనము సంతోషించి వచ్చివేయుట న్యాయమా? “మన సంఘపు బిడ్డే గదా” అని తెర వేయించుకొని, వచ్చే నెల ఇచ్చెదమని పోయినవారు మనలో ఉన్నారు. తెర అతనికి ఉచితముగా రాలేదు. కోతవారి కూలి బిగబట్టినప్పుడు ఆ మొఱ్ఱ ఎవరి చెవిని పడునో యాకోబు 5:4 చూచుకొనుడి. బిల్లు లేని ఫోన్లు ముట్టనని ఆ అబ్బాయి ఇప్పుడు అట్టమీద వ్రాసి అంగడిముందు కట్టినాడు. అవతలి అంగడికి పోవువారు ఎక్కువైనారు. అద్దె మాత్రము తగ్గలేదు. యెహోయాదా కాలములో నమ్మకస్థులైన పనివారికి మందిరపు పెట్టెలోని రూకలు చేరినవి. మన కాలములో వారికి పని యిచ్చి, కూలి అప్పుడే ఇయ్యవలసినవారము మనమే.

వచ్చే నెల మొదటి ఆదివారము ఆరాధన ముగిసిన తరువాత అతడును, ఇంకొక ఇద్దరు యౌవనస్థులును తమ దీపములు తెచ్చి మందిరపు వసారాలో కూర్చుందురు. ఫోనుతోకూడ బిల్లును గాని పెట్టెను గాని తెండి. రెండును లేనివారు ఒక చిన్న నోటుపుస్తకము తెండి, ఆ పదునైదు అంకెలు అందులో వ్రాసి ఇచ్చెదరు. ముసలివారు ముందు కూర్చుండవలెను. తెర వేయించుకొనగోరువారు డబ్బు కూడ తెచ్చుకొనవలెను.